ఊరి పేరు దగ్గర వదిలిన చోటు

పద్నాలుగేళ్ళ వయసులో నేను రాసిన అక్షరాలు మొన్న ఎన్నికల సభలో ఒక జిరాక్సు కాగితం మీద మళ్ళీ నా చేతికొచ్చాయి. మా ఊరి స్కూలు ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నాకోసం ఉంచారు. మాట్లాడబోయే కుర్ర నాయకుడి వెంట తిరిగే మనిషి ఒకతను నా దగ్గరికొచ్చి వంగి, పేర్లలో తప్పులున్నాయేమో ఒక్కసారి చూసిపెట్టమని రెండు కాగితాలు ఇచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్నాను. గుండ్రటి అక్షరాలు, తలకట్లు కాస్త పైకి ఎగిరినట్టు ఉన్నాయి. పేరా మొదట్లో వేలెడు ఖాళీ వదలడం నాన్నగారు నేర్పిన పద్ధతి. ఊరి పేరు రావలసిన చోట చిన్న ఖాళీ ఉంది. అందులో నీలం బాల్ పెన్నుతో మా ఊరి పేరు ఎవరో కొత్తగా రాశారు. ఆ పేరు వెనక, అసలు కాగితం మీద పెన్సిలుతో రాసి చెరిపేసిన ఎన్నో ఊళ్ళ పేర్లు బూడిదరంగు మరకల్లా జిరాక్సులోకి దిగాయి. ఎంత చూసినా ఒక్క తాడేపల్లిగూడెం తప్ప మరొకటి చదవలేకపోయాను.

"మా సార్ వాళ్ళ తాతగారి ఫైల్లో దొరికిందండీ. ఆయనకి అచ్చొచ్చిన కాగితం అంటండీ. అందుకని సారు కూడా అదే చదువుతున్నారండీ" అన్నాడతను. పేర్లన్నీ సరిగానే ఉన్నాయని చెప్పాను.

మాది మండవల్లికి దిగువన, కొల్లేటి అంచున ఉన్న ఊరు. మా ఇంటి పేరు చెబితే కైకలూరు నుంచి ఏలూరు దాకా కుర్చీ వేసే రోజులు ఉండేవి. ఆ మాట గొప్పకి చెప్పడం లేదు. అది ఉండేది, ఇప్పుడు లేదు, అంతవరకే. వరిచేలు కొన్ని చేపల చెరువుల పాలయ్యాయి, కొన్ని దాయాదుల వ్యాజ్యాల్లో పోయాయి, మిగిలినవి మర్యాదలకు కరిగాయి. ఇల్లున్న చోట ఇప్పుడు చేపల మేత గోడౌను ఉంది. దాని పక్కనుంచి వెళితే తవుడు, వేరుశనగ చెక్క కలిసిన పులిసిన వాసన వస్తుంది. నేను తల తిప్పుకోను. తిప్పుకుంటే చూసేవాళ్ళకి జాలి పుడుతుంది. నేను ఏలూరులో ఒక స్కూల్లో పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. పవరుపేటలో రెండు గదుల వాటాలో ఉంటున్నాను. మా వంశంలో మిగిలింది నేనొక్కతినే. మా భూముల్లో మిగిలింది కాలవ రేవు పక్కన ఎనభై సెంట్ల జాగా ఒక్కటే.

ఆ ఎనభై సెంట్ల గురించే నేను సభకు వెళ్ళాను. చుట్టూ ఉన్నవన్నీ చెరువులు. నడుమ ఆ ముక్క పచ్చగడ్డి మొలిచి అలాగే ఉండిపోయింది. దాన్ని తన చెరువులో కలిపేసుకుంటానని ఆకివీడు నుంచి ఒకాయన చాలాకాలంగా అడుగుతున్నాడు. మర్యాదస్తుడే. ప్రతిసారీ చేపలేవో పట్టుకొచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, మీ తరవాత దాన్ని చూసేవాళ్ళెవరండీ అని అడుగుతాడు. నిజమే, నా తరవాత ఎవరూ లేరు. ఈ ఎన్నిక కానివ్వండి, చెబుతాను అన్నాను. ఈలోగా కాలవ అవతలి లంక నుంచి ధనలక్ష్మి ఫోను చేసింది. "అమ్మాయిగారండీ, ఆయన మనవడు వస్తున్నాడంటండీ. వంతెన సంగతి చెబుతాడంట. మీరుంటే బాగుంటుందండీ" అంది. నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. లంకలో వాళ్ళకి ఇప్పటికీ నేను అమ్మాయిగారినే.

ఆయన అని ధనలక్ష్మి అన్నది ఒకప్పటి మా నియోజకవర్గం నాయకుణ్ణి. పేరు రాయను, ఆయన పోయి చాలా కాలమైంది. ఎన్నికలు వస్తున్నాయంటే మా ఇంట్లో ముందుగా తెలిసేది వాసనల వల్లే. నాయకుడుగారు వచ్చే రోజున తెల్లవారే సరికి మా నాయనమ్మ కాఫీ గింజలు స్వయంగా వేయించేది. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు. హాల్లో పరిచే తుంగచాపలు ముందురోజే తడిపి ఆరబెట్టేవారు. అవి ఆరుతుంటే చెరువు అడుగు వాసన ఇల్లంతా నిండేది. లంక నుంచి కొరమేను చేపలు బతికున్నవే కుండల్లో వచ్చేవి. అమ్మ చింతచిగురు వేసి పులుసు పెట్టి, కుండ దింపాక దాని మీద మూత కాస్త ఎడంగా వేసి ఒక పూట అలా వదిలేసేది. నాయకుడుగారు భోజనానికి కూర్చుంటే నాన్నగారు ఎదురుగా నిలబడి వడ్డింపు చూసేవారు. అందరూ తిన్నాకగాని ఆయన తినేవారు కాదు.

నాన్నగారు కుర్చీలో వెనక్కి ఆనుకోవడం నేనెప్పుడూ చూడలేదు. వెన్నుకీ కుర్చీకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేటంత ఎడం ఎప్పుడూ ఉండేది. జబ్బుగా ఉన్నా, వినడానికి కష్టమైన మాట వింటున్నా ఆ ఎడం తగ్గేది కాదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, గంజి పెట్టిన పంచె కట్టుకుని, రేవుదాకా నడిచి వచ్చేవారు. లంక నుంచి దోనెల్లో వచ్చేవాళ్ళు ఆ రేవులోనే దిగేవారు. తాటిబోదె తొలిచి చేసిన ఆ దోనెల్లో మనుషులూ, చేపలూ, పాలబిందెలూ, బడిపిల్లలూ అందరూ ఒకటిగా వచ్చేవారు. లంకకి వేరే దారి ఉండేది కాదు. ఇప్పుడు చెరువు గట్ల మీదుగా ఒక చుట్టుదారి ఉంది, వానలు పడితే అది మునిగిపోతుంది. ఆ రేవులో దిగే ప్రతి మనిషినీ నాన్నగారు పేరు పెట్టి పలకరించేవారు. ఆ పేర్లన్నీ ఆయనకు ఎలా గుర్తుండేవో నాకు తెలియదు. నేను ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను, అందులో సగం మంది పేర్లు మరిచిపోయాను.

నాకు పద్నాలుగో ఏట, వానాకాలంలో, లంకలో నాగమ్మ అనే ఆమెకి నొప్పులు వచ్చాయి. ఆమె మొగుడు దోనె నడిపేవాడు. మంత్రసాని చేతులెత్తేశాక ఆమెను దోనెలో పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికని బయలుదేరారు. ఆ రోజు గాలి ఎదురుగా ఉంది. గుర్రపుడెక్క కాలవ నిండా కమ్మేసి ఉంది. మొగుడూ, మరిదీ నీళ్ళలోకి దిగి ఆ ఆకును చేతులతో తప్పిస్తూ దోనెను తోశారు. అరగంటలో దాటే కాలవ దాటేసరికి పొద్దు వాలింది. మా రేవులో ఒడ్డున పడుకోబెట్టాక బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. అమ్మ దుప్పట్లు పట్టుకుని పరిగెత్తింది. నేను వేడినీళ్ళ బిందె మోసుకెళ్ళి, దగ్గరికి రావద్దంటే గట్టు మీదే ఆగిపోయాను. ఎడ్లబండి కట్టేలోగా నాగమ్మ ప్రాణం పోయింది. నాన్నగారు గట్టు మీద నిలబడి ఆ నేలవైపే చూస్తున్నారు. ఆ బిడ్డే ధనలక్ష్మి.

ఆ ఏడే ఎన్నికలు వచ్చాయి. నాయకుడుగారు తాడేపల్లిగూడెం వైపు మనిషి, లంక సంగతులు ఆయనకు తెలియవు. అందుకని నాన్నగారు ఆయనకోసం ఉపన్యాసం తనే రాశారు. నాన్నగారు రాసినదల్లా అదొక్కటే. రెండు రోజులు కూర్చుని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు. అందులో నాగమ్మ చావు ఉంది. గుర్రపుడెక్క ఉంది. ఆ పసిబిడ్డ ఉంది. "ఈ బిడ్డ పెళ్ళి ఊరేగింపు వంతెన మీదుగా వెళుతుంది" అనే వాక్యం ఉంది. వంతెన ఇవతలి ఒడ్డున దిగడానికి కావలసిన ఎనభై సెంట్ల నేల ఈ ఊళ్ళో ఫలానా కుటుంబం ఉచితంగా ఇస్తుందని మా ఇంటి పేరుతో సహా ఉంది. ఆఖర్న ఒక వాక్యం ఉంది: "వచ్చే వేసవిలోగా ఈ వంతెనకు మొదటి రాయి పడకపోతే, మళ్ళీ మీ గడప తొక్కి ఓటు అడగను."

ఇంక ఇప్పుడు చెప్పవలసింది నా సంగతి. ఇది నేను నాన్నగారికి చెప్పలేదు, ఇన్నేళ్ళూ ధనలక్ష్మికీ చెప్పలేదు. నాయకుడుగారు వచ్చిన రోజున నాన్నగారు స్నానానికి వెళ్ళారు. నాయకుడుగారు హాల్లో కూర్చుని కాగితం చదువుకుంటూ, నాన్నగారి గొలుసుకట్టు రాత అర్థంకాక నన్ను పిలిచారు. నేను పెద్దగా చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. "ఎంత బాగా రాశారమ్మా మీ నాన్నగారు" అని, శుభ్రంగా తిరగ రాసిపెట్టగలవా అని అడిగారు. నా చేతిరాతకి స్కూల్లో బహుమతి వచ్చిందని చెప్పాను. అడగకుండానే చెప్పాను. కలం తెచ్చుకుని ఆయన ఎదురుగా పీట మీద కూర్చున్నాను. సిరా బిళ్ళలు కలిపిన సిరా వాసన, లోపలి నుంచి పులుసు వాసన, ఆయన వేసుకున్న అత్తరు వాసన, మూడూ కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. మొదటి వాక్యం దగ్గరే ఆపి, "ఊరి పేరు దగ్గర కొంచెం చోటు వదులమ్మా, పేరు నేను నోటితో అనుకుంటాను" అన్నారు. ఊపిరి తీసుకోవడానికి కాబోలు అనుకున్నాను. ఆఖరికొచ్చాక, "ఈ చివర మాట కోపంగా ఉందమ్మా. మంచిమాటతో ముగిస్తే జనం చల్లగా ఇళ్ళకి వెళతారు. ఇది తీసేసి, త్వరలోనే అని రాసెయ్యి" అన్నారు. మెత్తగా, మనింట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టే చెప్పారు. నేను తీసేశాను. రాసిన కాగితం చూసి, ముత్యాలు పేర్చినట్టుందమ్మా అన్నారు. ఆ మాట వినడం కోసం ఆ వాక్యం ఒక్కటేమిటి, ఇంకో పది తీసెయ్యమన్నా తీసేసేదాన్ని.

సభలో ఆయన చదువుతుంటే ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. నాగమ్మ మొగుడు బిడ్డను ఎత్తుకుని వేదిక పక్కన నిలబడ్డాడు. నాయకుడుగారు బిడ్డ తల మీద చెయ్యి వేసి, ఈ బిడ్డ సాక్షిగా అన్నారు. నాన్నగారు ఆయన వెనక కుర్చీలో ఎప్పటిలా నిటారుగా ఉన్నారు. ఉపన్యాసం చివరికి వస్తున్నకొద్దీ, తన వాక్యం రాబోతోందని, నాన్నగారు కుర్చీలో ముందుకు వంగారు. ఆయన అలా వంగడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాయకుడుగారు త్వరలోనే అని, నమస్కారం పెట్టేశారు. జనం చప్పట్లు కొట్టారు. నాన్నగారు అలాగే ఒక్క క్షణం ఉండిపోయి, మళ్ళీ నిటారుగా కూర్చున్నారు. ఇంటికొచ్చాక నన్ను పిలిచి ఏమీ అడగలేదు. మర్నాడు నేనే ఆయన ఎదుటికి వెళ్ళి నిలబడ్డాను. నా ముఖంలోకి చూసి, "చేతిరాత బావుందమ్మా" అన్నారు. అంతకంటే ఒక్క దెబ్బ వేసినా బాగుండేది.

వంతెన పడలేదు. తరవాతి ఎన్నికలకి నాయకుడుగారు మళ్ళీ వచ్చారు. అదే కాగితం, అదే పులుసు, అదే తుంగచాపలు. ధనలక్ష్మికి అయిదేళ్ళు వచ్చాయి, నడుచుకుంటూ వేదిక ఎక్కింది. ఈ పసిబిడ్డ అనే ఆయన చదివారు. తరవాతిసారి ఆ పిల్ల పరికిణీలో ఉంది, అప్పుడూ పసిబిడ్డే. ఆమెకి పెళ్ళయి దోనెలోనే అత్తవారింటికి వెళ్ళింది. తన బిడ్డను చంకనేసుకుని సభకు వచ్చినప్పుడు కూడా ఆమె పెళ్ళి ఊరేగింపు వంతెన మీదుగా వెళుతుందని ఆయన చదివారు. జనానికి ఆ ఉపన్యాసం కంఠతా వచ్చేసింది. ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో అందరికీ తెలుసు. అక్కడ కొట్టకపోతే వచ్చినాయన నొచ్చుకుంటాడని కూడా తెలుసు. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించకూడదు కదా. మా వైపు మనుషుల మర్యాద అలాంటిది.

నేను ఏలూరులో కాలేజీలో ఉన్న రోజుల్లో ఒక సెలవుల్లో తాడేపల్లిగూడెంలో మా మేనత్తగారింటికి వెళ్ళాను. డాబా మీద అత్తయ్యతో కలిసి వడియాలు పెడుతున్నాను. సెంటర్లో సభ ఏదో జరుగుతోంది. మైకులోంచి నాయకుడుగారి గొంతు వినబడింది. రెండో వాక్యానికే నా చెయ్యి ఆగిపోయింది. నాగమ్మ ఆ ఊళ్ళో రిక్షా తొక్కేవాడి పెళ్ళాం అయిపోయింది. గుర్రపుడెక్క రైల్వే గేటు అయింది. గేటు తియ్యక, రిక్షాలోనే కాన్పయి, ప్రాణం పోయింది. పసిబిడ్డ ఉంది, పెళ్ళి ఊరేగింపు ఉంది, అది గేటు మీది వంతెన మీదుగా వెళ్ళబోతోంది. నేల ఇచ్చే కుటుంబం కూడా ఉంది, ఇంటి పేరు మాత్రం వేరు. ఊరి పేరు దగ్గర ఆయన ఒక్క లిప్త ఆగి, గూడెం అన్నాడు. ఆ ఖాళీ నేను వదిలినదే. పిండి చేతులతోనే లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్ళి ఎండలో నిలబడ్డాను. అత్తయ్య ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది. కింద జనం మా ఊళ్ళో కొట్టినచోటే చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి నాన్నగారికి చెప్పాను. అప్పటికి చేలు సగం పోయాయి. ఇంక ఆయన్ని మన గడప తొక్కనివ్వొద్దని, ఆ రేవు జాగా అమ్మేసి ఆ మాటకి నీళ్ళొదలమని అన్నాను. నాన్నగారు చేతిలో ఉన్న వక్క కత్తిరించి పక్కన పెట్టారు.

"ఆయన వంద ఊళ్ళలో అన్నాడమ్మా. నేను ఒక్క ఊళ్ళోనే అన్నాను" అన్నారు.

తరవాత ఒక్కొక్కటే పోయాయి. చేలు పోయాయి, ఎడ్లు పోయాయి, ఆఖరికి ఇల్లు పోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది రేవు జాగానే, చెరువుకి నీళ్ళు పెట్టుకోవడానికి అనువైన చోటు అది. నాన్నగారు అది వంతెనది అనేవారు, మనది అనేవారు కాదు. అటు లంకవాళ్ళు కూడా దాన్ని వంతెన జాగా అనే పిలిచేవారు. అక్కడ గడ్డి ఎంత పెరిగినా ఎవరూ గేదెను కట్టలేదు. పశువుకి బుద్ధి ఉండదు, రేపు పనివాళ్ళు వచ్చి గుంటలు తీస్తే అడ్డం కదా అనేవారు. నాన్నగారు మంచం పట్టిన రోజుల్లో వెనకాల మూడు దిండ్లు వేసినా వాటికి ఆనుకోకుండా కూర్చుని, రేవు జాగా శుభ్రం చేయించావా అని నన్ను అడిగేవారు. చేయించాను అనేదాన్ని. నిజంగానే చేయించేదాన్ని. ఆ చివరి వాక్యం సంగతి అప్పుడైనా చెప్పేద్దామని రెండుసార్లు మంచం దగ్గరికి వెళ్ళి, మందు ఇచ్చి వచ్చేశాను.

మొన్న సభలో ఆ జిరాక్సు కాగితం నా చేతిలో ఉన్నంతసేపూ ఇదంతా నా కళ్ళముందు తిరిగింది. పక్కన ధనలక్ష్మి కూర్చుంది. తలలో సగం నెరిసింది, ఒళ్ళో మనవరాలు. కుర్ర నాయకుడు ఇంకా రాలేదు. నేను సంచిలోంచి పెన్ను తీశాను. రెండో కాగితం ఆఖర్న, త్వరలోనే అన్న మాట కొట్టేసి, ఆ వాక్యం మళ్ళీ రాశాను. యాభై అయిదేళ్ళు నోట్లో దాచుకున్నది కాబట్టి ఒక్క అక్షరం తడబడలేదు. ముత్యాల మాట మాత్రం దేవుడెరుగు. కాగితాలు ఆ మనిషికి ఇచ్చేశాను. ఏం జరుగుతుందనుకున్నానో నిజంగా చెబుతున్నాను. ఆ కుర్రాడు అక్కడికొచ్చి ఆగుతాడనుకున్నాను. ముఖం మాడుతుందనుకున్నాను. జనంలో గొణుగుడు లేస్తుందనుకున్నాను. చదివితే మాటకి కట్టుబడాలి, చదవకపోతే ఎందుకు చదవలేదని నేనే లేచి అడుగుతాను అనుకున్నాను. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

అతను వచ్చాడు. చూడముచ్చటగా ఉన్నాడు. అందరికీ దండం పెట్టి, మామ్మగారూ బాగున్నారాండీ అని నా కాళ్ళకి కూడా మొక్కాడు. కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. నాగమ్మ చనిపోయింది. ఆడవాళ్ళు కొంగులు తీశారు. పసిబిడ్డ పెళ్ళి ఊరేగింపు దగ్గరికి వచ్చేసరికి ధనలక్ష్మి నా చెవిలో, "ఇంకా నా పెళ్ళి చెయ్యలేదండీ వీళ్ళు" అంది. వెనక వరస వినేసి నవ్వింది. మా కుటుంబం ఎనభై సెంట్లు ఇచ్చింది. చివరికి వచ్చాడు. వచ్చే వేసవిలోగా మొదటి రాయి పడకపోతే మళ్ళీ మీ గడప తొక్కి ఓటు అడగను అని, అదే గొంతుతో, అదే చిరునవ్వుతో, ఎక్కడా ఆగకుండా చదివేశాడు. చదివి నమస్కారం పెట్టాడు. జనం ఎప్పుడూ కొట్టే చోటే చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ కొట్టినంతే కొట్టారు. నేను చుట్టూ చూశాను. ఒక్క ముఖంలో కూడా ఏ తేడా లేదు. అతను దిగి వెళుతూ, మీ ఊరి అభిమానం మరిచిపోలేనండీ అన్నాడు. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఆకివీడాయన ఫోనులో వీడియో ఒకటి పంపాడు. వాళ్ళ ఊళ్ళో సభ. మీవాడే అనుకుంటానండీ, బాగా మాట్లాడుతున్నాడండీ అని కింద రాశాడు. ఆకివీడులో వంతెన లేదు, ఒక మురుగు కాలవ పని ఉంది. అక్కడ మురుగునీళ్ళలో చేపల లోడు లారీ దిగబడి, ఆసుపత్రికి దారి దొరకక నాగమ్మ చనిపోయింది. మిగతాదంతా అదే. ఆఖర్న, వచ్చే వేసవిలోగా ఈ కాలవకు మొదటి రాయి పడకపోతే మళ్ళీ మీ గడప తొక్కి ఓటు అడగను. చప్పట్లు. నేను మళ్ళీ పెట్టిన వాక్యం కూడా ఉపన్యాసంలో కలిసిపోయింది. ఇంక అది ఊరూరా తిరుగుతుంది. నాన్నగారు రెండు రోజులు కూర్చుని రాసిన చివరి మాట కూడా వాళ్ళకి పనికొచ్చింది.

మర్నాడు బస్సెక్కి రేవుకి వెళ్ళాను. ధనలక్ష్మికి ముందే ఫోను చేశాను. దోనె తనే గెడ వేసి నడుపుకుంటూ వచ్చింది. కాలవ నిండా గుర్రపుడెక్క ఊదాపూలు పూసి ఉంది. ఇద్దరం ఆ జాగా అంచున నిలబడ్డాం. ఆమె పుట్టిన చోటు అది. కూర్చోవడానికి ఏమీ లేదు. నేను చెప్పవలసింది నిలబడే చెప్పాను. మీ అమ్మ పోయిన ఏడు మా నాన్నగారు ఇలా రాశారు, నేను ఆ వాక్యం తీసేశాను, నా చేతిరాతని మెచ్చుకుంటారని తీసేశాను అని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఊరి పేరు దగ్గర చోటు వదిలింది కూడా నేనే అని చెప్పాను. ధనలక్ష్మి గెడ మీద రెండు చేతులూ ఆన్చి వింది. తిడుతుందేమోనని చూశాను. ఏడుస్తుందేమోనని చూశాను.

"మీరు తీసెయ్యకపోయినా ఇంతేనండీ" అంది.

ఓదార్పు కోసం అన్న మాట కాదు. ఇవాళ గాలి ఎటు ఉందో చెప్పినట్టు చెప్పింది. ఇన్నేళ్ళూ ఒక వంతెన నా కలం కింద పోయిందనే అనుకున్నాను. ఆ తప్పు బరువుగా ఉండేది, కాని నాది. మా ఇంటి మనిషి చేసిన తప్పుకి ఆ మాత్రం బలం ఉంటుందని లోపలెక్కడో నమ్మాను. ఆ నమ్మకం కూడా అక్కడితో పోయింది.

ఆమే అడిగింది, జాగా ఆకివీడాయనకి ఇచ్చేస్తారా అని. ఇవ్వను అన్నాను. మరేం చేస్తారండీ అంది. తెలియదన్నాను. ఆమె కాళ్ళతో గడ్డి కొంచెం అటూ ఇటూ జరిపి చూసింది. ఆ గడ్డి మీద లంక మనిషి కాలు పెట్టి అలా జరపడం నేను ముందెప్పుడూ చూడలేదు.

"ఏవండీ, మీరేమీ అనుకోకపోతే ఒక మాటండీ. లంకలో వలలు ఆరేసుకోడానికి చోటు లేదండీ, అన్నీ చెరువు గట్లే. ఇన్నాళ్ళూ వంతెనకి అడ్డమని ఇక్కడ ఎవరమూ వెయ్యలేదు. ఇంక వేసుకోమంటారాండీ?"

అది విని నాన్నగారు ఏమనేవారో ఆలోచించాను. ఏదీ తోచలేదు. వేసుకోమ్మా అన్నాను. ఆమె ఆయ్ అని తలూపి, దోనెలోంచి వల ఒకటి తెచ్చింది. తెచ్చుకునే వచ్చిందన్నమాట. ఒక కొస నా చేతికిచ్చింది. తడి వల చాలా బరువుంది, చేప నీసు కొడుతోంది. రెండో కొస పట్టుకుని ఆమె వెనక్కి నడుస్తూ వెళ్ళింది. ఆ ఎనభై సెంట్ల మధ్యలో, మొదటి రాయి వేస్తారని నాన్నగారు ఎప్పుడూ చూపించే చోట, ఇద్దరం వంగి వల పరిచాం.